అద్దె ఇంటి పెరడు, ప్రహరీ, చెట్ల బాగోగులు ఎవరు చూసుకోవాలి?

కాకినాడ_కాపురం
కాకినాడలో ఒక పాత డాబా ఇంట్లో అద్దెకు ఉంటున్నాము. ఇల్లు చిన్నదే కాని స్థలం పెద్దది. నాలుగు వైపులా ఖాళీ, వెనుక పెరట్లో ఐదు కొబ్బరి చెట్లు, ఒక మామిడి చెట్టు, వీధి వైపు ఎత్తయిన ప్రహరీ ఉన్నాయి. యజమాని విశాఖపట్నంలో ఉంటారు. అద్దె పత్రంలో ఈ విషయమై ఉన్నదల్లా ఒక్క వాక్యం: "అద్దెదారు ఇంటిని, ఆవరణను శుభ్రముగా ఉంచుకొనవలెను."

మొన్న ఆయన వచ్చి, వానలకు పెరిగిన గడ్డిని, చెట్లకు వేలాడుతున్న ఎండు మట్టలను, ప్రహరీకి పట్టిన నాచును చూసి, వీటన్నిటికీ మనుషులను పెట్టి ఆ ఖర్చు మా అడ్వాన్సులోంచి మినహాయిస్తానని చెప్పి వెళ్లారు. గడ్డి తీయించడం మా పనే, అందులో వాదన లేదు. వాకిలి, ఇంటి చుట్టూ నడిచే దారి రోజూ ఊడ్పిస్తూనే ఉన్నాము. కొబ్బరి చెట్ల సంగతే నాకు మింగుడు పడడం లేదు. యజమాని బంధువు ఒకరు దింపు మనిషిని తీసుకువచ్చి కాయలు దింపించి ఆటోలో వేసుకుని వెళతారు. నరికిన మట్టలు, రాలిన పిందెలు, ఎండు కమ్మలు పెరట్లోనే వదిలేస్తారు. కాయ ఆయనది, చెత్త నాది కావడం ఎలాంటి న్యాయమో మీరే చెప్పండి. నాచు పట్టిన గోడకు రంగు వేయించే బాధ్యత కూడా అద్దెదారుదేనా?

పెరటిచెట్టు
కాయలు ఎవరు తీసుకుంటే దింపు కూలి, మట్టలు ఎత్తించే ఖర్చు వారే పెట్టుకోవాలి. మా ఊళ్లో అందరూ పాటించే పద్ధతి ఇదే.

మేడమీది_యజమాని
కాయల విషయంలో పెరటిచెట్టు గారి మాటకు నేను ఎదురు చెప్పను. ఆ బంధువు మట్టలు వదిలి వెళ్లడం తప్పే. అయితే యజమానుల వైపు నుంచి కూడా కొంత చెప్పాలి. మాకు రాజమహేంద్రవరంలో ఒక డాబా ఇల్లు ఉంది. ఉద్యోగంలో ఉండగా పైసా పైసా కూడబెట్టి కట్టుకున్నది. అందులో ఉన్న అద్దెదారులు ఇంటి లోపల అద్దంలా ఉంచుకునేవారు, గడప దాటితే మాత్రం తమకు సంబంధం లేదన్నట్టు ఉండేవారు. డాబా మీద వేపాకు రాలి, వాన నీరు దిగే గొట్టం మూతి పూడుకుపోయింది. దాన్ని చేత్తో తీసి పారేస్తే సరిపోయేది. ఎవరూ తీయలేదు. వర్షాకాలమంతా డాబా మీద నీరు నిలిచి, స్లాబులోకి చెమ్మ దిగి, పడక గది పైకప్పు పెచ్చులు ఊడింది. అప్పుడు వారే నాకు ఫోను చేసి ఇల్లు కారుతోందని ఫిర్యాదు చేశారు.

ఆవరణ మొత్తాన్ని అనుభవించేది అద్దెదారు. అక్కడ బట్టలు ఆరవేసుకుంటారు, బండ్లు పెట్టుకుంటారు, పిల్లలు ఆడుకుంటారు. కళ్లెదుట కనబడే చిన్న పనిని చేయడమో, కనీసం వెంటనే యజమానికి చెప్పడమో వారి కనీస ధర్మం. వేరే ఊరిలో ఉన్న మాకు ఎండుటాకులు గొట్టంలో పడిన సంగతి ఎవరు చెబుతారు?

చట్టం_చదువరి
ఇద్దరు చెప్పినదాంట్లోనూ చట్టానికి దగ్గరగా ఉన్న అంశాలు ఉన్నాయి కనుక, చట్టం ఏమంటుందో కాస్త వివరంగా రాస్తాను.

అద్దె ఒప్పందాలకు మూలం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షను యజమానికి, అద్దెదారుకు ఉన్న హక్కులను, బాధ్యతలను చెబుతుంది. ఒప్పందంలో గాని, స్థానిక ఆచారంలో గాని వేరే విధంగా లేనప్పుడే ఆ సెక్షను వర్తిస్తుందని దాని మొదటి మాటలోనే ఉంది. కాబట్టి పత్రంలో ఏమి రాసుకున్నామన్నదే ముందు చూడాలి. పెరటిచెట్టు గారు చెప్పిన ఊరి పద్ధతికి కూడా విలువ ఉండడానికి కారణం అదే.

పత్రంలో ఏమీ లేకపోతే, ఇల్లు చేతికి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే ఉంచి, ఖాళీ చేసేటప్పుడు అలాగే అప్పగించడం అద్దెదారు బాధ్యత. దీనికి మినహాయింపు ఉంది. సాధారణ వాడకం వల్ల కలిగే అరుగుదలకు, ఆపడానికి ఎవరికీ శక్యం కాని విపత్తుల వల్ల జరిగే నష్టానికి అద్దెదారు బాధ్యుడు కాడు. వానకు తడిసి గోడ వెలిసిపోవడం నా దృష్టిలో ఈ అరుగుదల కిందికే వస్తుంది.

దీనికన్నా స్పష్టమైన జాబితా ఒకటి ఉంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టపు రెండవ షెడ్యూలులో పనులను రెండు భాగాలుగా విడదీశారు. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు వెల్ల, తలుపులకు కిటికీలకు రంగు, నీటి గొట్టాల మార్పిడి, లోపలి బయటి వైరింగు యజమాని వైపు ఉన్నాయి. కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, తాళాలు, దోమతెరలు, కిటికీ అద్దాలు, కాలువలు శుభ్రం చేయించడం అద్దెదారు వైపు ఉన్నాయి. అద్దెదారు జాబితాలోనే చివర, అతనికి అద్దెకు ఇచ్చిన లేదా అతను వాడుకుంటున్న తోటలు, ఖాళీ స్థలాల నిర్వహణ కూడా ఉంది. ఇది నమూనా చట్టం మాత్రమే. రాష్ట్ర శాసనసభ తన చట్టంగా చేసుకుంటే తప్ప ఎక్కడా దానంతట అది అమలులోకి రాదు. ఆంధ్రప్రదేశ్‌కు 2017 నాటి అద్దె చట్టం ఉంది. తెలంగాణలో ఇప్పటికీ 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టమే కొనసాగుతోంది. అయినా పత్రం రాసుకునేటప్పుడు ముందు పెట్టుకుని చూడడానికి ఆ షెడ్యూలు చాలా ఉపయోగపడుతుంది.

కాకినాడ_కాపురం
"అద్దెకు ఇచ్చిన లేదా వాడుకుంటున్న" అన్న మాట దగ్గరే నా సందేహం. పెరడు అద్దెకు ఇచ్చామని పత్రంలో లేదు, ఇవ్వలేదనీ లేదు. మేము బట్టలు ఆరవేసేది ఇంటి పక్కన ఉన్న సందులో. కొబ్బరి చెట్ల కింద తలమీద కాయ పడుతుందన్న భయంతో పిల్లలను అటు వెళ్లనివ్వము. చెట్ల ఫలసాయం యజమాని తన దగ్గరే పెట్టుకున్నప్పుడు, ఆ చెట్లు ఉన్న నేల నాకు అద్దెకు ఇచ్చినట్టు అవుతుందా?

చట్టం_చదువరి
మీ వాదన బలమైనదే. ఫలసాయాన్ని, దానికోసం వచ్చి వెళ్లే హక్కును యజమాని తన దగ్గర ఉంచుకున్నారు కాబట్టి, ఆ చెట్ల సంరక్షణ కూడా ఆయన దగ్గరే ఉన్నట్టు అర్థం చేసుకోవడం సమంజసం. చెట్ల కింద పెరిగే గడ్డి విషయంలో మాత్రం ఇదే వాదన అంతగా నిలబడదు. ఆ నేలకు వెళ్లే దారి, గేటు తాళం మీ చేతిలోనే ఉన్నాయి.

లక్డీకపూల్_వాసి
మా సమస్య ఇంకో రకంగా ఉంది. హైదరాబాదులో ఒకే ప్రహరీ లోపల నాలుగు పోర్షన్లు, నలుగురు అద్దెదారులం ఉంటున్నాము. ఎవరి గుమ్మం ముందు వారు ఊడ్చుకుంటారు. మెట్లు, గేటు దగ్గర జాగా, మోటారు గది, నీళ్ల సంపు మీది పలక, డాబా మాత్రం ఎవరివీ కావు. యజమానిని అడిగితే "మీలో మీరు వంతులు వేసుకోండి" అంటారు. వంతులు వేసుకున్నాము, మొదటి నెల గడవకముందే తెగిపోయాయి. రాత్రి షిఫ్టు చేసే కుర్రవాళ్ల పోర్షను వంతు వచ్చినప్పుడు ఎవరూ ఊడ్వరు. ఆ తర్వాత వంతు వచ్చినవారు రెండు వారాల దుమ్ము మేమెందుకు ఎత్తాలని మానేస్తారు.

నలుగురికీ ఉమ్మడిగా ఉన్న చోటును ఏ ఒక్క అద్దెదారుకూ అప్పగించలేరు. దానికి యజమానే మనిషిని కుదిర్చి, జీతాన్ని నాలుగు అద్దెల్లో సమానంగా కలపాలి. అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్సు పేరుతో జరిగేది ఇదే కదా. రోజువారీ ఊడ్పు, లిఫ్టు, కాపలాదారు జీతం వంటివి అద్దెకున్నవారి దగ్గర తీసుకుంటారు. బయటి గోడల రంగు, లిఫ్టు మార్చడం వంటి పెద్ద ఖర్చులు ఫ్లాటు యజమానుల దగ్గర వసూలు చేస్తారు.

సీతాఫలం
సమానంగా అంటే నేను ఒప్పుకోను. మేము పై అంతస్తులో ఉంటాము. పెరట్లో కరివేపాకు, నిమ్మకాయలు, చెట్టు కింద నీడ అన్నీ కింది పోర్షను వారివే. మాకు దక్కేది మెట్లు మాత్రమే. మెట్ల ఊడ్పుకు మా వాటా ఇస్తాము. తోట పనికి ఎందుకు ఇవ్వాలి?

లక్డీకపూల్_వాసి
సీతాఫలం గారి అభ్యంతరం సరైనదే. తోటను వేరు చేసి, దాన్ని వాడుకునే పోర్షనుకే అంటగట్టాలి. మా దగ్గర తోట అనదగ్గది లేదు కనుక నాకు ఆ ఆలోచన రాలేదు.

గోదారిగట్టు
కొబ్బరి సంగతి వచ్చింది కాబట్టి కోనసీమ మనిషిగా నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. ఇంటి ఆవరణలో ఉన్న కొబ్బరి చెట్టును అలంకారం అనుకోకూడదు. ఎండిన మట్ట ఒక్కొక్కటి మనిషి ఎత్తును మించి ఉంటుంది. తొడిమ దగ్గర బరువుగా, గట్టిగా ఉంటుంది. గాలివానకు అది ఊడి రేకుల షెడ్డు మీద పడితే రేకు పగులుతుంది, మనిషి మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. రెండు నెలలకు ఒకసారి దింపు జరిగే చెట్టుకు దింపు మనిషి ఎండు మట్టలు కూడా నరికి, చెట్టు తల శుభ్రం చేసి దిగుతాడు. యజమాని బంధువు కూలి తగ్గించుకోవడానికి కాయలు మాత్రం దింపిస్తున్నట్టు కాకినాడ గారి మాటల వల్ల తెలుస్తోంది. అసలు లోపం అక్కడ ఉంది. చెట్టు ఎక్కినప్పుడే చేయవలసిన పని అది. తరువాత ప్రత్యేకంగా మట్టల కోసమే ఒకరిని పిలిస్తే రెండోసారి ఎక్కుడు కూలి ఇవ్వాలి, పైగా ఈ రోజుల్లో ఎక్కే మనుషులు దొరకడమే గగనం.

ఇంకొక విషయం. ఆకుల అడుగున తెల్లటి బూజు లాంటిది చుట్టలు చుట్టలుగా కనబడితే అది సర్పిలాకార తెల్లదోమ. అది విసర్జించే జిగురు కింద పడి, దాని మీద నల్లటి మసి తెగులు పెరుగుతుంది. చెట్ల కింద ఉన్న ప్రహరీ, సిమెంటు గచ్చు, ఆరవేసిన బట్టలు నల్లబడతాయి. కాకినాడ గారి గోడ మీద ఉన్నది పచ్చటి నాచేనా, నల్లటి మసా అన్నది ఒకసారి వేలితో రాసి చూడమనండి. మసి అయితే చెట్టుకు వచ్చిన తెగులు వల్ల వచ్చింది. దానికి అద్దెదారు చేయగలిగింది ఏమీ లేదు. గోడను ఎంత కడిగినా నెల తిరగకుండా మళ్లీ పడుతుంది.

కాకినాడ_కాపురం
గోదారిగట్టు గారూ, చూశాను. వీధి వైపు గోడకు ఉన్నది పచ్చటి నాచే. పెరటి గోడకు, నీళ్ల తొట్టి అంచుకు ఉన్నది మాత్రం మీరు చెప్పిన నల్లటి మసి. వేలికి అంటుతోంది, కింద జిగురు తగులుతోంది. తొట్టి దగ్గర అంట్లు తోమే మనిషి ఎప్పటి నుంచో ఈ జిగురు గురించి విసుక్కుంటోంది. కారణం ఇప్పుడు తెలిసింది.

డాలస్_గుంటూరు
నేను రెండు వైపులా ఉన్నాను. గుంటూరులో అమ్మానాన్నల ఇల్లు అద్దెకు ఇచ్చాము, టెక్సాస్‌లో మేము అద్దె ఇంట్లో ఉంటున్నాము. ఇక్కడి లీజులో గడ్డి కోయడం, నీరు పెట్టడం, ఆకులు ఊడ్చడం మా పని అని, పెద్ద చెట్ల కొమ్మలు నరికించడం, కంచె బాగు చేయించడం యజమాని పని అని ఒక్కొక్కటీ విడివిడిగా రాసి ఉంటుంది. డాలస్ నగరంలో గడ్డి 12 అంగుళాలు దాటితే నగర పాలక సిబ్బంది నోటీసు ఇస్తారు. కాలనీ సంఘం ఉన్న చోట్ల వారి ఉత్తరం యజమానికి వెళుతుంది, ఆయన మాకు పంపిస్తారు. రాతలో ఉంది కనుక వాదన రాదు.

గుంటూరు ఇంటికి కూడా అలాగే రెండు పేజీలు రాయిస్తే, అద్దెకు వచ్చినవారు "ఇన్ని షరతులున్న ఇల్లు మాకు వద్దు" అని వెళ్లిపోయారు. దూరంలో ఉన్న యజమాని ఏం చేయాలి?

పెరటిచెట్టు
రెండు పేజీలు చూస్తే ఎవరైనా బెదురుతారు. అక్కడ గడ్డి కోసే యంత్రం ఇంటింటికీ ఉంటుంది. ఇక్కడ మనిషిని వెతకాలి, కూలి మాట్లాడాలి, తీసిన గడ్డిని ఎక్కడ పోయాలో చూసుకోవాలి. ఆ శ్రమకు తగ్గట్టు అద్దెలో కొంత తగ్గిస్తే షరతులు ఎన్ని ఉన్నా ఒప్పుకుంటారు.

మేడమీది_యజమాని
అద్దె తగ్గించిన తరువాత పని చేయకపోతే? మా పక్కింటి వారు తోట చూసుకోవాలన్న మాట మీద అద్దె తగ్గించి ఇచ్చారు. తగ్గింపు నెలనెలా అందింది, తోట ఎండిపోయింది. తోటమాలిని యజమానే పెట్టుకుని, అద్దె పూర్తిగా తీసుకోవడం మేలని నా అభిప్రాయం. డాలస్ గారి వంటి వారికి ఇంకా మేలు. తోటమాలి వారం వారం వచ్చి చూసి వెళతాడు కనుక ఇంటి పరిస్థితి కూడా తెలుస్తూ ఉంటుంది.

సీతాఫలం
తోటమాలిని పంపండి, కాని చెప్పి పంపండి. ఇంతకు ముందు మేము ఉన్న ఇంట్లో యజమాని మనిషి ఏ వేళకు పడితే ఆ వేళకు గేటు తీసుకుని లోపలికి వచ్చేవాడు. ఆడవాళ్లు పెరట్లో స్నానానికి నీళ్లు కాచుకుంటూ ఉంటారు, బట్టలు ఆరవేసుకుంటూ ఉంటారు. ఇల్లు ఎవరిదైనా, అద్దెకు ఇచ్చాక అక్కడ కాపురం ఉండేవారికి ఏకాంతం ఉండాలి.

ఆరోగ్య_కార్యకర్త
ఇంటింటికీ తిరిగే ఉద్యోగం నాది. ఈ చర్చలో ఎవరూ ఎత్తని మాట ఒకటి చెబుతాను. డెంగీ వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగులో పుట్టదు, మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. కొబ్బరి బొండాల డొక్కులు, పగిలిన కుండీలు, మొక్కల కింద పళ్లేలు, పాత టైర్లు, డాబా మీద వదిలేసిన పెయింటు డబ్బాలు, మూత లేని సంపు, ఇవన్నీ దానికి నివాసాలే. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే పాటించమని మేము చెప్పేది అందుకే. తెలంగాణలో 2020లో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అన్న కార్యక్రమం పెట్టింది కూడా అందుకే. వారానికి ఒకసారి నీరు పారబోస్తే దోమ రెక్కలు రాకముందే చస్తుంది. పాత్ర అంచును గట్టిగా రుద్ది కడగాలి కూడా, ఎందుకంటే దాని గుడ్లు ఎండిన అంచుకు అంటుకుని నెలల తరబడి బతికి ఉంటాయి.

మేము వెళ్లి డాబా మీద నీళ్ల డబ్బాలు చూపిస్తే అద్దెదారు "అవి ఓనరు గారివి" అంటారు. ఓనరుకు ఫోను చేస్తే "ఇంట్లో ఉన్నవాళ్లను తీయమనండి" అంటారు. ఆ ఇంట్లో పసిపిల్లలు ఉంటారు. డబ్బా ఎవరిదైనా, కుట్టించుకునేది అక్కడ పడుకునేవారే. నిలిచిన నీటి విషయంలో మాత్రం ఎవరు ముందు చూస్తే వారు పారబోయాలి, వాదన తరువాత పెట్టుకోవాలి అని చేతులు జోడించి అడుగుతున్నాను.

పెరటిచెట్టు
వీరి మాటకు తిరుగు లేదు. వయ్యారిభామ మొక్క విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. దాని పుప్పొడికి ఆయాసం, ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. తెల్ల పూలు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాలి. పూత వచ్చాక పీకితే గింజ అంతా రాలి మరుసటి వానకు పదింతలు మొలుస్తుంది. ఎవరి వంతు అని ఎదురు చూస్తే ఆ అదను దాటిపోతుంది.

కట్టుబడి_ఇంజనీరు
మేడమీది_యజమాని గారు చెప్పిన డాబా గొట్టం కథ వృత్తిలో తరచుగా చూస్తుంటాను. దానికన్నా ఎక్కువ నష్టం చేసేది రావి మొక్క. పక్షులు పండు తిని రెట్ట వేస్తే పిట్టగోడ బీటలోనో, సన్‌షేడ్ మూలలోనో, గొట్టం గోడను తాకే చోటనో మొలుస్తుంది. రెండు ఆకులతో ఉన్నప్పుడు చేత్తో పీకితే వేరుతో సహా వస్తుంది. బొటనవేలు మందం అయ్యాక పైన కత్తిరిస్తే మళ్లీ నాలుగు పిలకలు వేస్తుంది, వేరు ఇటుకల మధ్య సున్నాన్ని తింటూ లోపలికి పోతుంది. అప్పుడు ప్లాస్టరింగు కొట్టి, ఉలితో వేరు మొత్తం తీసి, సిమెంటుతో పూడ్చాలి. రావి చెట్టు పవిత్రమని చాలామంది దాన్ని ముట్టుకోవడానికి జంకుతారు. అటువంటివారు చిన్నగా ఉన్నప్పుడే తీసి కుండీలోనో, గుడి దగ్గరో నాటవచ్చు.

నా లెక్క ప్రకారం మొలక దశలో తీయడం, ఆకులు తొలగించడం ఇంట్లో ఉన్నవారి పని. ఉలి, సిమెంటు, పరంజా కావలసి వస్తే అది యజమాని పని. డాబా మీదికి వెళ్లే తాళం అద్దెదారుకు ఇవ్వని ఇళ్లు చాలా ఉన్నాయి. అటువంటి చోట మొలక కూడా యజమాని బాధ్యతే.

కాకినాడ గారి వీధి గోడ నాచుకు వేసవిలో బ్లీచింగు పౌడరు కలిపిన నీటితో గట్టి చీపురు పెట్టి రుద్దితే చాలావరకు పోతుంది, తరువాత మంచి నీటితో బాగా కడిగేయాలి, మొక్కల మీద పడనివ్వకూడదు. ఒక వేసవిలో పోయి మళ్లీ వానకు వస్తే అద్దెదారు తప్పేమీ లేదు, గోడకు పైన వాలు లేక నీరు లోపలికి ఇంకుతున్నదని అర్థం. బయటి గోడకు రంగు వేయించడం మాత్రం ఏ విధంగా చూసినా యజమాని ఖర్చే.

అద్దె_బాధితుడు
రంగు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. హైదరాబాదులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కింద ఒక నెల అద్దె కోసుకోవడం ఆనవాయితీ అయిపోయింది. మేము ఉన్న ఇంటికి లోపలి రంగుతో పాటు గేటు రంగు, ప్రహరీ సున్నం కూడా మా లెక్కలోనే రాశారు. ఇది చెల్లుతుందా?

చట్టం_చదువరి
పత్రంలో రాసి మీరు సంతకం చేసి ఉంటే దాన్ని ప్రశ్నించడం కష్టం. రాయకపోతే, గేటుకు, ప్రహరీకి ఎండావానలకు వచ్చిన మార్పును మీ మీద వేయడానికి ఆధారం లేదు. మేకులు కొట్టి పాడు చేసిన గోడ, పిల్లలు గీసిన గీతలు వేరు. నమూనా చట్టం వెల్లను, రంగును యజమాని వైపు పెట్టిన సంగతి పైన రాశాను. అదే చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు మించకుండా పరిమితం చేస్తుంది.

యజమాని చేయించవలసిన మరమ్మతు గురించి కూడా చెప్పాలి. మీరు తెలియజేసిన తరువాత తగిన గడువులో ఆయన చేయించకపోతే, 108వ సెక్షను ప్రకారం మీరే చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. అయితే అది ఆయన బాధ్యత అయిన మరమ్మతుకే వర్తిస్తుంది. నోటి మాట సరిపోదు, వాట్సాప్‌లోనైనా తేదీతో, ఫొటోతో పంపి ఉంచుకోండి. ఇదే సూత్రం మీద కాకినాడ గారు మట్టల గురించి ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది, అది తరువాత అడ్వాన్సు లెక్క దగ్గర పనికి వస్తుంది.

ఒక హెచ్చరిక కూడా. మట్టలు విసిగిస్తున్నాయని గాని, కొమ్మ కరెంటు తీగకు తగులుతోందని గాని చెట్టును అద్దెదారు సొంతంగా కొట్టించకూడదు. ఆస్తి బదిలీ చట్టం కలప నరకడానికి అద్దెదారును అనుమతించదు. దానికి తోడు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి అవసరం, కొన్ని జాతులకు మినహాయింపులు ఉన్నాయి. తీగకు తగులుతున్న కొమ్మ గురించి విద్యుత్ శాఖకు చెబితే వారి సిబ్బందే సరఫరా ఆపి నరుకుతారు.

లక్డీకపూల్_వాసి
సెప్టిక్ ట్యాంకు సంగతి ఎవరైనా చెప్పగలరా? మా ఆవరణలో అది నిండి మూత పక్కనుంచి ఊరుతోంది. కాలువలు శుభ్రం చేయించడం అద్దెదారు జాబితాలో ఉందని చదువరి గారు రాశారు కాబట్టి, మా యజమాని దాన్నే పట్టుకుంటారని నా భయం.

కట్టుబడి_ఇంజనీరు
వంటింటి నీరు పోయే కాలువలో జుట్టు, అన్నం మెతుకులు తీయించడం వేరు, సెప్టిక్ ట్యాంకు వేరు. ట్యాంకు కట్టడంలో భాగం. రెండు మూడేళ్లకు ఒకసారి తోడించాలి. మీ కన్నా ముందు ఉన్నవారి వాడకం కూడా అందులో ఉంటుంది కనుక యజమాని తోడించడం న్యాయం. మీ నలుగురూ ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటే పంచుకోమని అడగడంలో తప్పు లేదు.

డబ్బు ఎవరిచ్చినా ఒక్క విషయంలో రాజీ పడవద్దు. యంత్రం ఉన్న లారీనే పిలవాలి. మనిషిని లోపలికి దింపకూడదు. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడాన్ని 2013 నాటి చట్టం నేరంగా ప్రకటించింది. ట్యాంకులో ఉండే విషవాయువుకు క్షణాల్లో ప్రాణం పోతుంది, రక్షించడానికి దిగినవారు కూడా పోతారు. కూలి తక్కువకు వస్తానన్న మనిషిని యజమాని పంపినా, మీరు గేటు తీయకండి.

ఆరోగ్య_కార్యకర్త
ఇంజనీరు గారు చెప్పినది ప్రతి ఇంటి వారూ గుర్తు పెట్టుకోవాలి. తోడించే లోపల మూత చుట్టూ సిమెంటుతో పూడ్పించి, గాలి గొట్టం మూతికి జాలీ కట్టించండి, దోమలు అక్కడి నుంచి కూడా వస్తాయి.

కాకినాడ_కాపురం
మీరందరూ చెప్పినవి చదివాక యజమానితో ఫోనులో మాట్లాడాను. మసి పట్టిన గోడ, మట్టల కుప్ప ఫొటోలు ముందే పంపాను. ఇకమీదట దింపు రోజున మట్టలు నరికించి, వాటిని బంధువే తీసుకుపోయేలా చూస్తానని ఒప్పుకున్నారు. మట్టల్లో కొన్ని వీధి చివర పొయ్యి మీద వండుకునే వారికి ఇస్తే వారే వచ్చి తీసుకువెళతారని మా అమ్మ చెప్పిన ఉపాయం కూడా ఆయనకు నచ్చింది. గడ్డి ఖర్చు మేము పెట్టుకుంటాము. తెల్లదోమ సంగతి ఉద్యాన శాఖ వారిని అడుగుతానన్నారు. వీధి గోడ రంగు దగ్గర మాత్రం తెగలేదు. రుద్ది కడిగిస్తామని నేను, రంగు వేయించాల్సిందేనని ఆయన. పత్రం మళ్లీ రాసేది సంక్రాంతి తరువాత కనుక అప్పటికి వాయిదా పడింది.

మేడమీది_యజమాని
ఆయన అంతవరకు దిగి వచ్చినందుకు సంతోషం. గోడ రంగు ఆయనే వేయించుకోవాలి, యజమానిగా నేను కూడా ఇదే చెబుతాను. కొత్త పత్రంలో పొడవాటి షరతులు రాయకుండా, ఫలసాయం ఎవరిది, గడ్డి ఎవరిది, డాబా తాళం ఎవరి దగ్గర, బయటి రంగు ఎవరిది అన్న నాలుగు ముక్కలు రాసుకోండి. డాలస్ గారికీ ఇదే నా సలహా. ఇల్లు అప్పగించే రోజున ఇద్దరూ కలిసి ఆవరణ అంతా ఒకసారి తిరిగి వీడియో తీసుకోవడం కూడా మంచిది.

సీతాఫలం
ఇంకొక్క సందేహం. మేము సొంత డబ్బుతో కొని నాటిన మల్లె, గులాబీ, కనకాంబరం మొక్కలు ఖాళీ చేసేటప్పుడు తీసుకువెళ్లవచ్చా? పాత ఇంటి యజమాని, నేలలో పాతినది ఏదైనా తమదే అన్నారు.

చట్టం_చదువరి
వేరే ఒప్పందం లేకపోతే తీసుకువెళ్లవచ్చు. అద్దెదారు తాను నేలకు అమర్చిన వాటిని, ఇల్లు ఇంకా తన స్వాధీనంలో ఉన్నంతవరకు, తొలగించుకోవచ్చని 108వ సెక్షనులోనే ఉంది. స్థలాన్ని తీసుకున్నప్పటి స్థితిలో వదలాలన్నది ఒక్కటే షరతు. తాళాలు అప్పగించాక వెనక్కి వచ్చి తవ్వుతానంటే కుదరదు.

మేడమీది_యజమాని
తీసుకువెళ్లండి, గుంతలు మాత్రం పూడ్చి వెళ్లండి. పందిరికి కట్టిన ఇనుప తీగ మేము వేయించినది అయితే దాన్ని వదిలేయండి.

పెరటిచెట్టు
మల్లె పొదను ఎండాకాలం తవ్వితే బతకదు. కొమ్మలు కత్తిరించి, వేరు చుట్టూ మట్టి గడ్డ చెదరకుండా గోనెపట్టాలో కట్టి, సాయంత్రం పూట తీయాలి. ఖాళీ చేసేది ఏప్రిల్, మే నెలల్లో అయితే మొదటి వానల తరువాత తీసుకునేందుకు ఇప్పుడే యజమాని చేత రాయించుకోండి.